పత్రికతో ఉచితంగా వచ్చిన డీజే మిక్స్ సీడీ: పాటల మధ్య తెగే శబ్దం ఇలా పోయింది

సీడీ ప్లేయర్‌లో ఆగకుండా సాగే మిక్స్, ఎంపీ3లుగా మార్చాక ప్రతి ట్రాక్ చివర టక్కున తెగేది. తప్పు డిస్క్‌ది కాదు. ఎంపీ3 ఒక్కో ఫ్రేమ్‌లో, అంటే ధ్వని ముక్కలో, 1152 శాంపిల్స్ (ధ్వని కొలతలు) ఉంటాయి. సీడీ ట్రాక్‌లు 588 శాంపిల్స్ లెక్కన తెగుతాయి, కాబట్టి చివరి ఫ్రేమ్ సాధారణంగా సరిగ్గా నిండదు. చివరి ఫ్రేమ్‌లో మిగిలిన చోటును ఎన్‌కోడర్ (ఎంపీ3గా మార్చే ప్రోగ్రామ్) నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుస్తుంది. మామూలు పాటల్లో ఇది తెలియదు. బీట్ నడుస్తుంటే మాత్రం చెవికి గుచ్చుకుంటుంది.

అందుకే ట్రాక్‌లుగా విడగొట్టకుండా సీడీని కంప్యూటర్‌లోకి తీసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్‌లో సెక్యూర్ మోడ్ (చదివినదాన్ని మళ్లీ సరిచూసే పద్ధతి) పెట్టి, మొత్తం డిస్క్‌ని ఒకే ఫ్లాక్ ఫైల్‌గా, పక్కన క్యూ షీట్‌తో (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే టెక్స్ట్ ఫైల్) తీశాను. కుదించని వేవ్ ఫైల్‌గా తీస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఫ్లాక్‌లో నాణ్యత పోకుండా అంతకన్నా తగ్గుతుంది. క్యూ షీట్‌ని చేత్తో దిద్దేటప్పుడు జాగ్రత్త: సమయంలో చివరి రెండంకెలు సెకనులో వందో వంతులు కావు, 75వ వంతులు. అంటే 74 దాటకూడదు.

అట్ట కవర్‌లోంచి లాగీ లాగీ ఈ డిస్క్‌లు గీతలు పడతాయి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పితే పడే గీత డేటా వరుస వెంటే పడి ఎక్కువ చెరుపుతుంది. అయినా రీడ్ ఎర్రర్లు వస్తే చదివే వేగం 4ఎక్స్‌కి (మామూలుగా పాట మోగే వేగానికి నాలుగు రెట్లు) తగ్గించడమో, డ్రైవ్ మార్చడమో చేయాలి. బొమ్మ ఉన్న వైపు లోతుగా గీసుకుంటే ఆశ వదులుకోండి, ప్రతిఫలించే పొర ఉండేది అక్కడే.