రొటేటర్ కఫ్ కుట్టిన తర్వాత ఆరు వారాలు చెయ్యిని ఎలా చూసుకోవాలి

భుజం కీలు చుట్టూ ఉండి చెయ్యిని లేపే, తిప్పే కండరాల టెండన్లనే (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీలు) రొటేటర్ కఫ్ అంటారు. అందులో 5 సెంటీమీటర్లకు మించిన చిరుగు గానీ, రెండు టెండన్లు పూర్తిగా తెగడం గానీ అయితే దాన్ని భారీ చిరుగు అంటారు. ఆపరేషన్లో ఎముకలోకి యాంకర్లు (దారం కట్టిన చిన్న మేకుల్లాంటివి) దింపి, వాటి దారాలతో టెండన్‌ని లాగి కట్టేస్తారు. దారం పని పట్టి ఉంచడమే. టెండన్ ఎముకకు అతుక్కోవడానికి సుమారు 12 వారాలు కావాలి. మళ్లీ ఊడిన భుజాల్లో దారం తెగడం తక్కువ; బలహీనపడిన టెండన్‌ని దారమే కోసుకుంటూ వచ్చేయడం ఎక్కువ. అందుకే మూడు, నాలుగు వారాలకు నొప్పి తగ్గినప్పుడే అసలు జాగ్రత్త కావాలి. నొప్పి లేదు కదా అని పై అరలోని డబ్బా అందుకోబోతారు.

స్లింగ్ (చెయ్యిని మెడకు వేలాడదీసే సంచి) సాధారణంగా ఆరు వారాలు, నిద్రలో కూడా. ఒంటికీ చేతికీ మధ్య దిండు ఉన్న రకమైతే దాన్ని తీసేయకండి. చెయ్యి కాస్త ఎడంగా ఉంటేనే కుట్టు మీద లాగుడు తగ్గుతుంది. మోచెయ్యి సంచి చివరిదాకా ఆనాలి, మణికట్టు మోచేతికన్నా కిందికి జారకూడదు.

పడుకునేటప్పుడు వీపు 30 నుంచి 45 డిగ్రీలు పైకి ఉండేలా దిండ్లు పేర్చి, మోచెయ్యి వెనక్కి పడిపోకుండా కింద మడిచిన తువ్వాలు పెట్టండి. ముందు గుండీలున్న చొక్కానే వేసుకోండి: తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. చంక కడగాలంటే మంచి చెయ్యి బల్లమీద ఆనించి ముందుకు వంగండి, రెండో చెయ్యి దానంతటదే వేలాడుతుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేత్తో నొక్కకండి.

పిడికిలి, మణికట్టు, మోచెయ్యి కదలికలు ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. బైసెప్స్ (దండ కండరం) టెండన్‌కి కూడా ఆపరేషన్ చేసి ఉంటే మోచెయ్యి కదలికల సంగతి సర్జన్‌ని అడగాలి. భుజం కదలిక ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. భారీ చిరుగుకు ఆలస్యమే మేలు: మొదట్లో పట్టేసిన భుజం చాలామందికి నెలల్లో వదులవుతుంది, ఊడిన టెండన్ మాత్రం దానంతటది అతకదు.

ఆరు వారాల తర్వాత వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో కర్ర పట్టుకుని, మంచి చేత్తోనే పైకి లేపాలి. బలం పెంచే వ్యాయామం 12 వారాల తర్వాతే. బరువు పనులకు దాదాపు ఆరు నెలలు. పొగతాగడం, అదుపులో లేని షుగరు టెండన్ అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయి.

జ్వరం, గాయంలో చీము, పిక్క వాపు, ‘టక్’మని చప్పుడై చెయ్యి లేవకపోవడం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.