తాగుడు జీన్స్ లెక్కలు, 3వ పాఠం: మొహం ఎర్రబడేవాళ్ల కథ

పోయిన పాఠంలో ప్రతి జీన్‌కీ మనలో రెండు కాపీలు ఉంటాయని, ఒకటి అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి వస్తుందని చూశాం కదా. హోంవర్క్ చెయ్యనోళ్లు ఉన్నా పర్లేదు, ఇవాళ కావాల్సింది పెన్ను, పేపరు, ఫోన్‌లో కాలిక్యులేటర్, అంతే.

ముందు కాస్త కెమిస్ట్రీ. మందు లోపలికి వెళ్లాక లివర్‌లో ఏడీహెచ్ ఎంజైములు దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి, ఇది విషం. తర్వాత ఏఎల్‌డీహెచ్2 అనే ఇంకో ఎంజైము ఆ విషాన్ని ఎసిటేట్ చేసేస్తుంది, గొడవ తీరిపోతుంది. ఈ రెండోది సరిగ్గా పనిచెయ్యకపోతే విషం పేరుకుపోయి మొహం ఎర్రబడటం, గుండె దడ, వికారం, ఇక రెండో పెగ్గు మీద మనసు పోదు. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి ఈ ఎంజైముని తయారుచేసే జీన్‌లో ఒక్క అక్షరం తేడా (అలాంటి కాపీని తేడా కాపీ అందాం), దాంతో ఎంజైము మందగిస్తుంది. మన డీఅడిక్షన్ సెంటర్లలో ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర కూడా ఈ ఎంజైమునే ఆపుతుంది, అన్నట్టు దాన్ని మనిషికి చెప్పకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి, దయచేసి ఆ పని చెయ్యొద్దు, తెలీక తాగితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇప్పుడు లెక్క. జపాన్‌లో మొత్తం కాపీల్లో తేడా కాపీల వాటా సుమారు పావు వంతు, అంటే 0.25, మామూలువి 0.75. రెండూ తేడావే ఉన్నవాళ్లు 0.25 × 0.25 = 0.0625. రెండూ మామూలువే ఉన్నవాళ్లు 0.75 × 0.75 = 0.5625. ఒకటి అది, ఒకటి ఇది ఉన్నవాళ్లు 2 × 0.25 × 0.75 = 0.375. ఆ 2 ఎందుకంటే తేడా కాపీ అమ్మ నుంచైనా రావచ్చు నాన్న నుంచైనా రావచ్చు, మొదట్లో నేను కూడా దీన్నే మర్చిపోయేవాణ్ని, మూడూ కూడితే 1 రాకపోతే ముందు అక్కడే వెతకండి.

అంటే జనంలో 37.5 శాతం మందికి ఒక తేడా కాపీ ఉండాలి. జపాన్‌లో తాగుడుకి బానిసై ట్రీట్‌మెంట్‌కి వచ్చినవాళ్లలో అలాంటివాళ్లు ఎంతమంది? 1979లో 2.5 శాతమే! 37.5ని 2.5తో భాగిస్తే 15, అబ్బో ఈ జీన్ గట్టి కాపలాదారు అనిపిస్తుంది కదా, చాలా వార్తలు ఇక్కడే ఆగిపోతాయి. మనం ఆగొద్దు. జపాన్ పరిశోధకుడు హిగుచి టీమ్ 1994లో వేసిన లెక్కల్లో అదే వాటా 1986కి 8, 1992కి 13 శాతం. మళ్లీ భాగించండి, 37.5 బై 13, మూడు కూడా రావట్లేదు. (పక్కాగా అయితే ఆడ్స్ రేషియో అనే ఇంకో రకం పోలికతో చెయ్యాలి, అది 5వ పాఠంలో.) పదమూడేళ్లలో ఒక దేశం జనం జీన్స్ మారిపోవు, మారింది చుట్టూ ఉన్న తాగుడు పద్ధతి. మొహం ఎర్రబడినా, కడుపులో తిప్పినా పట్టించుకోకుండా తాగేవాళ్లు పెరిగారన్నమాట, పైగా అలా తాగేవాళ్లకి అన్నవాహిక క్యాన్సర్ రిస్కు ఎక్కువ కూడా.

మనవాళ్లలో ఈ తేడా కాపీ చాలా అరుదు, కాబట్టి మీ బాబాయ్ మొహం ఎర్రబడిందని వెంటనే ఈ జీన్ మీదకి తోసెయ్యకండి.

హోంవర్క్ పొగాకు మీద. 15వ క్రోమోజోమ్ మీద సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ5 అనే నికోటిన్ రిసెప్టర్ (నికోటిన్ వచ్చి అతుక్కునే చోటు) జీన్ ఉంది, అందులో ఒక తేడా కాపీ ఉంటే పొగ తాగేవాళ్లు సగటున రోజుకి సుమారు ఒక సిగరెట్ ఎక్కువ కాలుస్తారు. యూరప్ జనంలో దాని వాటా 0.35 అనుకుని మూడు గ్రూపులూ మీరే కట్టండి. అసలు అగ్గిపుల్లే గీయనోడిలో ఈ కాపీ ఉన్నా లేనట్టే, ఎందుకో ఒక లైన్ రాయండి.

ఇంకోటి, శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, తల్లిని చూసి కూతురికీ అలవాటవుతుంది. ఇది రక్తంలో వచ్చిందా ఇంట్లో వచ్చిందా అన్నది ఏ రకం కుటుంబాలని పోల్చి చూస్తే తేలుతుందో ఆలోచించి పెట్టుకోండి, వచ్చే పాఠం కవలల మీద.