కట్టె కోసే మిషన్‌కు (చైన్‌సా) దమ్ము పోయిందా? కార్బొరేటర్ స్క్రూ ముట్టక ముందు ఇవి చూడుండ్రి

మిషన్ స్టార్ట్ అయితది, ఉత్తగ పట్టుకుంటే మంచిగనే గుర్రుమంటది, మొద్దు మీద పెట్టి నొక్కంగనే రేస్ దిగిపోతది, ఇంకొంచెం నొక్కితే బందే అయితది. ఇట్ల అయినప్పుడు మన దిక్కు చానా మంది చేసే మొదటి పని సన్న స్క్రూడ్రైవర్ తీసుకొని కార్బొరేటర్ స్క్రూలు తిప్పుడు. అసలైతే ఆ స్క్రూలు అన్నిటికంటే ఆఖరికి ముట్టాలె. మొన్నటి దాక మంచిగ నడిచిన మిషన్‌ల స్క్రూ దానంతట అదే తిరగదు కదా, మారింది ఇంకేదో ఉంటది, చైన్ కావచ్చు, ఫిల్టర్ కావచ్చు, సైలెన్సర్ల మసి కావచ్చు, పెట్రోలే కావచ్చు. పైసా ఖర్చు లేనియి ముందు చూసుకొని విప్పే పని ఉన్నయి తర్వాత పెట్టుకుంటే సగం మిషన్లు దుకాణం దాక పోవు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఇంజన్‌కు దమ్ము లేదా, చైన్‌కు పదును లేదా? మిషన్ వేడెక్కినంక కట్టె మీదికెళ్లి లేపి రెండు సెకన్లు ఫుల్ రేస్ ఇవ్వుండ్రి, అంతకంటే ఎక్కువసేపు ఉత్త రేస్ ఇస్తే ఇంజన్‌కే దెబ్బ. తడబడకుండ ఒక్కసారే ఎత్తుకుంటే ఇంజన్ మీద అనుమానం సగం పోతది. ఇగ కింద పడ్డ పొట్టు చూడుండ్రి. పదును ఉన్న చైన్ సన్న పెళ్లల లెక్క పొట్టు విసురుతది, పదును పోయింది పిండి లెక్క రాలుస్తది, పొగ గిట్ల వస్తది, కోత నల్లగ మాడుతది. పిండి రాలుతుంటే ఇంజన్‌ను తిట్టుకునుడు దండుగ. టెస్ట్ కోసమని నిలబడ్డ చెట్టు మీద పడకుండ్రి, నీళ్లు, భూమి, చెట్లను కాపాడే 2002 వాల్టా చట్టం కింద చానా చెట్లు కొట్టాలంటే పర్మిషన్ కావాలె, కింద పడ్డ మొద్దు ఏదైనా సరిపోతది.

మన దగ్గర చైన్ పదును పోయేది ఎక్కువ కట్టెతోటి కాదు, దుబ్బతోటి, మేకులతోటి. గెట్టు మీద వేప చెట్టుకు ఎన్నడో కొట్టిన ముళ్ల తీగ బెరడు లోపలికి పోయి బయటికి కనపడనే కనపడదు, ఒక్కసారి తగిలిందంటే పళ్ల మొనలు మొత్తం పోతయి. ఎండిన సర్కారు తుమ్మ, చింత మొద్దు అయితే ఎంత పదును పెట్టినా తొందరగనే మొద్దుబారుతది, పాత బత్తాయి తోట తీసేటప్పుడు మొదలు కాడ మట్టి అంటుకొని ఉంటది కాబట్టి ముందు గొడ్డలితోటి బెరడు గీకి కోస్తే చైన్ ఎక్కువసేపు ఆగుతది.

పదును పెట్టేటప్పుడు ముందు ప్లగ్గు క్యాప్ పీకుండ్రి, చేతికి గ్లౌజు ఏసుకోండ్రి. గుండ్రటి ఆకురాయి సైజు చైన్ సైజును (అంగుళాలల చెప్తరు) బట్టి ఉంటది, చిన్న మిషన్ల మీద వచ్చే 3/8 లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) చైన్‌కు 4 మిల్లీమీటర్లది, 58 సీసీ మిషన్ల మీద ఎక్కువ కనపడే 0.325 చైన్‌కు 4.8 మిల్లీమీటర్లది. కోణం చానా చైన్లకు 30 డిగ్రీలు, పన్ను మీద గీత కొట్టి ఉంటది చూడుండ్రి, దాన్ని బట్టి పోవాలె. లోపలికెళ్లి బయటికే తోయాలె, వెనుకకు గుంజద్దు. ఒక దిక్కు పళ్లకు ఎన్ని తోపులు ఇస్తరో ఇంకో దిక్కు అన్నే ఇవ్వాలె, లేకుంటే కోత వంకర పోయి బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టీ) ఇరుక్కుంటది, చూసేటోళ్లకు అది కూడ పవర్ లేనట్టే కనపడ్తది. చానా మంది మర్చిపోయేది పన్ను ముందు ఉండే చిన్న గుబ్బను. పన్ను అరిగినా కొద్ది పన్ను ఎత్తు తగ్గుతది, గుబ్బ మాత్రం అట్లనే ఉంటది, అప్పుడు పన్ను కట్టెకు తగలదు, గుబ్బ తగుల్తది, అందుకే ఆకురాయి పెట్టినంక కూడ తెగదు. చానా చైన్లకు గుబ్బ పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలె, గేజ్ పెట్టి సాపు ఆకురాయితోటి గీకాలె. అందాజగ ఎక్కువ గీకితే పన్ను లోతుకు దిగి మిషన్ ఆగిపోతది, వెనుకకు తంతది, ఇది మనిషికే డేంజర్.

చైన్ మంచిగనే ఉందనుకుంటే మిషన్ బందు పెట్టి, బ్రేక్ వదిలి, గ్లౌజు చేత్తోటి చైన్ గుంజి చూడుండ్రి. బార్ కింద వేలాడద్దు, అట్లని గట్టిగ పట్టుకొని కూడ ఉండద్దు, చేత్తో గుంజితే తిరగాలె. తిరగకుంటే బ్రేక్ పట్టీ పట్టేస్తున్నట్టు, లేదా బార్ గాడిల పొట్టు గట్టిపడినట్టు, లేదా బార్‌కు ఆయిల్ పోయే సందు మూసుకపోయినట్టు. ఈత, తాటి మొద్దులు కోసిన రోజు సైడ్ కవర్ తప్పకుండ విప్పాలె, ఆ పీచు క్లచ్ చుట్టూ చుట్టుకొని ఇంజన్ దమ్మంత అదే గుంజుకుంటది. ఇంకో సంగతి, 30 సీసీ చిన్న మిషన్‌కు పొడుగు బార్ ఎక్కించి దమ్ము లేదంటే దానికి రిపేర్ లేదు, బార్ తగ్గించాలె.

ఇగ ఇంజన్ దిక్కు. ముందు ఎయిర్ ఫిల్టర్. ఎండకాలం పాలమూరు ఎర్ర దుబ్బల పని చేస్తే ఒక్క రోజుల కూడ మూసుకుంటది. ఫిల్టర్ తీసే ముందు చోక్ మూసుడు మరువద్దు, లేకుంటే దుమ్ము లోపలికే పోతది. ఫిల్టర్ తీసి, నైలాన్ జాలిదైతే సబ్బు నీళ్లల కడిగి పూర్తిగ ఆరబెట్టి ఎక్కియ్యాలె. అనుమానం ఉంటే ఫిల్టర్ తీసి, గాలిల దుమ్ము లేని చోట ఒక్క సెకను రేస్ ఇచ్చి చూడుండ్రి, రేస్ మంచిగ ఎత్తితే దొంగ దొరికినట్టే. ఫిల్టర్ లేకుండ కోత మాత్రం కొయ్యకుండ్రి. అట్లనే పైన కవర్ తీసి సిలిండర్ రెక్కల మధ్య ఆయిల్ పొట్టు పేరుకుందేమో చూడుండ్రి, గాలి ఆడకుంటే వేడెక్కి పది నిమిషాల తర్వాత దమ్ము దిగుతది.

పెట్రోల్ సంగతి జర ఎక్కువ చెప్పాలె. ఇప్పుడు బంకుల దొరికే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ ఉంటది, ఇథనాల్ నీళ్లను గుంజుకుంటది, వానకాలం మూత సరిగ లేని డబ్బాల పెడితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు పోయి వేరుపడే చాన్స్ ఉంటది. పాత రబ్బర్ పైపులు, కార్బొరేటర్ లోపల పల్చటి రబ్బర్ పొర కూడ దీంతోటి బిగుసుకపోతయి. అందుకే ఎప్పుడు కలిపిందో గుర్తులేని పెట్రోల్‌ను పక్కకు పెట్టి తాజాగ కలుపుండ్రి. నెలకంటే ఎక్కువ రోజులు నిల్వ పెట్టకుండ్రి. ఆయిల్ ఎంత అంటే, మిషన్ బుక్కుల 50కి 1 అని ఉంటే లీటర్‌కు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40. బుడ్డి మూతల లెక్కతోటి పోయొద్దు. ఆయిల్ తక్కువైతే పిస్టన్ గీరుకుంటది, ఎక్కువైతే మసి పట్టి ప్లగ్గు తడుస్తది, సైలెన్సర్ మూసుకుంటది. బండ్ల దుకాణంల లూజ్‌గ దొరికే చవక ఆయిల్ కంటే డబ్బా మీద జాసో ఎఫ్‌డి (ఆయిల్ గ్రేడ్ పేరు) అని ఉన్న టూ స్ట్రోక్ ఆయిల్ తీసుకుంటే మసి తక్కువ.

ట్యాంకుల ఫ్యూయెల్ ఫిల్టర్‌ను వంచిన తీగతోటి బయటికి గుంజి చూడుండ్రి, నల్లగ గట్టిపడితే మార్చుడే, పైపు వంచితే పగుళ్లు కనపడితే అది కూడ. మిషన్ మొదట్ల మంచిగ కోసి, కొద్దిసేపటికి ఆకలైనట్టు దిగిపోతుంటే మూతను కొద్దిగ లూజ్ చేసి చూడుండ్రి, బాగైతే ట్యాంకుకు గాలి పోయే వెంట్ మూసుకపోయినట్టు. మూత లూజ్‌గ పెట్టి పని మాత్రం చెయ్యద్దు, పెట్రోల్ ఒలికి వేడి సైలెన్సర్ మీద పడ్తది.

ప్లగ్గు విప్పి రంగు చూడుండ్రి. లేత గోధుమ రంగు అయితే మంచిగున్నట్టు, నల్లగ తడిగ ఉంటే గాలి తక్కువ లేదా పెట్రోల్ ఎక్కువ, తెల్లగ కాలినట్టుంటే పెట్రోల్ తక్కువ, ఇది భయపడాల్సిన సంగతి. గ్యాప్ 0.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలె. ప్లగ్గు చవకనే కాబట్టి పాతదైతే ఆలోచించకుండ కొత్తది పెట్టుండ్రి. మిషన్ చల్లగున్నప్పుడు మంచిగ ఉండి వేడెక్కంగనే బందై, చల్లారినంక మళ్లా స్టార్ట్ అయితుంటే ప్లగ్గుకు కరెంట్ ఇచ్చే కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలె, వేడి మీదనే స్పార్క్ చూస్తె తెలుస్తది.

సైలెన్సర్ మర్చిపోయే పార్టు. చానా వాటిల నిప్పురవ్వలు ఆపే సన్న జాలి ఉంటది, అది మసితోటి నిండితే మనిషి ముక్కు మూసుకొని పరిగెత్తినట్టే, లోపలి పొగ బయటికి పోక కొత్త గాలి రాదు. చల్లారినంక విప్పి జాలిని బ్రష్‌తోటి గీకుండ్రి. సిలిండర్‌ల పొగ బయటికి వచ్చే సందు కాడ మసి ఉంటే పిస్టన్‌ను పైకి తెచ్చి సందు మూసి, కట్టె పుల్లతోటి గీకుండ్రి, ఇనుప సువ్వ వాడద్దు.

సైలెన్సర్ విప్పినప్పుడే ఆ సందుల నుంచి టార్చ్ కొట్టి పిస్టన్ పక్కలు చూడుండ్రి. నున్నగ ఉంటే మంచిదే, నిలువు గీతలు పడి ఉంటే కోతల దమ్ము పోయింది అందుకే, ఇంక ఏ స్క్రూ తిప్పినా రాదు. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూసే గేజ్ ఉంటే ప్లగ్గు కాడ బిగించి ఫుల్ రేస్ పట్టుకొని తాడు గుంజాలె, 120 నుంచి 150 పీఎస్ఐ వస్తె బేఫికర్, 100 కింద ఉంటే పిస్టన్, రింగుల పని. గేజ్ లేకుంటే ప్లగ్గు బిగించే ఉంచి, స్విచ్ బందు చేసి, మిషన్‌ను తాడు హ్యాండిల్ పట్టుకొని నెత్తి మీద కాకుండ జాగ్రత్తగ కిందికి వేలాడదియ్యుండ్రి, ఆగి ఆగి మెల్లగ దిగితే కంప్రెషన్ ఉన్నట్టు, జర్రున జారితే లేదన్నట్టు.

ఇవన్నీ సరిగ ఉంటేనే కార్బొరేటర్. ముందు విప్పి లోపలి చిన్న జాలి, రబ్బర్ పొరలు చూడుండ్రి, పొర కాగితం లెక్క గరగరమంటే కిట్ మార్చుడే. తిరిగి ఎక్కించినంక ఎల్ (తక్కువ రేస్‌ది), హెచ్ (ఫుల్ రేస్‌ది) అని ఉన్న స్క్రూలను మెల్లగ తగిలేదాక బిగించి, బలవంతం లేకుండ, ఒక రౌండ్ వెనుకకు తీసి మొదలుపెట్టుండ్రి, చానా మోడళ్లకు ఇదే మొదటి లెక్క, బుక్కుల వేరే ఉంటే అదే పట్టుకోండ్రి. ఎల్ తోటి రేస్ తీసుకునేది సరిచెయ్యాలె, ఐడిల్‌ల (రేస్ ఇవ్వకుండ నడిచేటప్పుడు) చైన్ తిరగద్దు. హెచ్ స్క్రూను బిగిస్తే పెట్రోల్ తగ్గి సౌండ్ సన్నగ, కీచుగ అయితది, చెవికి మస్తు జోరుగ వినపడ్తది, మనోళ్లు అక్కడనే ఆపుతరు, అదే పిస్టన్‌ను కాల్చేది. ఉత్త రేస్‌ల కొద్దిగ గరగరమని తడిసినట్టు ఉండి, కట్టె మీద పెట్టంగనే గరగర పోయి శుభ్రంగ పలకాలె, అట్ల ఉండేదాక హెచ్ ను కొద్దికొద్దిగ విప్పుండ్రి.

ఎన్నిసార్లు సరిచేసినా ఐడిల్ ఎక్కుతూ దిగుతూ ఉండి, రేస్ వదిలినా వెంటనే దిగకుంటే ఎక్కడో గాలి గుంజుతున్నట్టు. ఇన్‌టేక్ రబ్బర్, క్రాంక్ ఆయిల్ సీల్ చూపిచ్చుకోండ్రి, ఆ స్థితిల కోత పెట్టకుండ్రి. పిస్టన్ ఇంతకుముందే గీరుకపోయి కొత్త కిట్ వేయించుకుంటున్నోళ్లైతే మెకానిక్‌ను ముందు ఈ లీకే అడుగుండ్రి, అది పట్టుకోకుండ కొత్త పిస్టన్ వేస్తే రెండోది కూడ అదే తొవ్వల పోతది.