ఒక్క పోర్షనే మాటిమాటికీ ఖాళీ అవుతోందా? ముందు మీటరు చూడండి

హైదరాబాద్ శివారులో పాత జీ ప్లస్ 2 ఇల్లు కొని, పోర్షన్లుగా అద్దెకిచ్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయి, ఆ ఒక్క పోర్షన్‌లోనే ఎవరూ ఏడాది నిలవడం లేదని. అప్పటికే రంగులు వేయించి ఉంటారు, అద్దె తగ్గించి ఉంటారు, కొందరు వాస్తు కూడా చూపించి ఉంటారు. "ఆ పోర్షన్ కరెంటు బిల్లు ఎంతొస్తోంది?" అంటే మాత్రం తెలియదంటారు. కట్టేది అద్దెకున్నవాళ్లు కాబట్టి ఓనరు ఆ బిల్లు ఎప్పుడూ చూడడు. అసలు సమస్య తరచూ అక్కడే ఉంటుంది.

తేలిగ్గా తేలిపోయేవి ముందు చెబుతాను.

టు-లెట్ బోర్డు పెట్టి నెల దాటినా ఎవరూ రాకపోతే అద్దె ఎక్కువ చెబుతున్నట్టే. మీ గల్లీలో ఉన్న మిగతా బోర్డుల నంబర్లకు ఫోన్ చేసి అడగండి. 12,000 వచ్చే పోర్షన్‌ను 12,500 కోసం ఒక్క నెల ఖాళీగా ఉంచితే, పోయిన 12,000 తిరిగి రావడానికి 24 నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆ కుటుంబం ఉంటుందన్న నమ్మకం ఏమీ లేదు.

వచ్చి చూసినవాళ్లు మళ్లీ ఫోన్ చేయకపోతే బాత్రూమ్ తలుపు తీసి వాసన చూడండి. ఇల్లు ఖాళీగా ఉంటే నహానీ ట్రాప్‌లో (నేల మీది జాలీ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపులో) నీళ్లు ఎండిపోయి, డ్రైనేజీ వాసన ఇల్లంతా పడుతుంది. నాలుగు రోజులకోసారి ఒక బకెట్ నీళ్లు పోస్తే చాలు. దీనికి ప్లంబర్ అక్కర్లేదు.

చేరిన నాలుగైదు నెలలకే ఖాళీ చేస్తున్నారు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా ఇంట్లో మొదటి అంతస్తు పోర్షన్ రెండేళ్లలో మూడు కుటుంబాలు మారింది. అందరూ మర్యాదగా "పిల్లల స్కూలు దూరం అన్నా" అని వెళ్లిపోయారు. మూడో ఆవిడ మాత్రం తాళాలు ఇస్తూ ఆర్నెల్ల బిల్లులు నా చేతిలో పెట్టింది. "మాకు ఏసీ లేదు, గీజరు లేదు. ఇంత బిల్లు ఎందుకొస్తోందో మీరే చూడండన్నా" అంది. కింద పోర్షన్‌లో ఐదుగురున్నా అంత బిల్లు రావడం లేదు.

కారణం బోరు మోటారు. పాత ఓనరు హయాంలో ఎలక్ట్రీషియన్ దగ్గర్లో ఉందని మొదటి అంతస్తు బోర్డు నుంచే దానికి వైరు లాగేశాడు. మెట్ల లైట్లు కూడా దాని మీదే. ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. రోజుకు రెండు గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. ఇంటి మొత్తానికి నీళ్లెక్కించే ఖర్చు ఒక్క కుటుంబమే మోసింది.

60 యూనిట్లే కదా, మూడొందలు దాటదని అనుకోకండి. స్లాబుల లెక్క అలా ఉండదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతివి 4.80 చొప్పున పడతాయి. 160 యూనిట్లు వాడితే 628 రూపాయలు. అదే 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 వరకు 5.10, ఆ పైన 300 వరకు 7.70. అంటే 220 యూనిట్లకు 1,174. మోటారు తాగిన 60 యూనిట్లకు 546 రూపాయలు అదనం, ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండానే. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో ఉన్న కుటుంబమైతే దెబ్బ ఇంకా పెద్దది. 200 లోపుంటే జీరో బిల్లు వచ్చేది, 200 దాటినందుకు మొత్తం కట్టాలి.

మోటారుకు, మెట్ల లైట్లకు కామన్ మీటరు పెట్టించి, ఆ బిల్లును అన్ని పోర్షన్లకూ సమానంగా పంచాను. సమస్య తీరిందనుకున్నాను. కానీ తర్వాత చేరిన కుటుంబానికి కూడా బిల్లు ముప్పై నలభై యూనిట్లు ఎక్కువే వచ్చింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపాడు, మీటరు ఆగింది, "అంతా కరెక్టే సార్" అని వెళ్లిపోయాడు. నేనూ నమ్మాను. ఆ నమ్మకానికి వాళ్లు ఇంకో నాలుగు నెలలు డబ్బు కట్టారు.

ఆ పరీక్షే తప్పు. మా మెయిన్ డబుల్ పోల్, అంటే ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రెండింటినీ తెంచేస్తుంది. తప్పు న్యూట్రల్‌లో ఉంటే, అది ఆపగానే తప్పు కూడా కనిపించకుండా పోతుంది. కింది పోర్షన్‌లో ఒక గది పెంచినప్పుడు ఎవరో ఆ గది న్యూట్రల్ వైరును పైపోర్షన్ న్యూట్రల్‌తో కలిపేశారు. దాంతో కింద ఫ్యాను, ఫ్రిజ్ వాడిన కరెంటు కొంత పై మీటరు గుండా తిరిగి వెళ్తోంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు దొంగతనం పట్టడానికి ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కేస్తాయి. అందుకే ఒకే కరెంటుకు కిందవాళ్లూ పైవాళ్లూ ఇద్దరూ బిల్లు కడుతున్నారు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

సరైన పరీక్ష ఇది. అద్దెకున్నవాళ్లను అడిగి, వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే చేయండి. మెయిన్ ఆపకండి, దాని తర్వాతి సింగిల్ పోల్ ఎంసీబీలన్నీ (బోర్డులో ఫేజును మాత్రమే తెంచే చిన్న స్విచ్చులు) ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా. ఇప్పుడు మీటరు మీద, కరెంటు లెక్కవుతుంటే మిణుకుమనే ఎర్ర లైటును ఐదు నిమిషాలు చూడండి. ఎవరినైనా మోటారు వేయమనండి.

మోటారు అసలు తిరగకపోతే అది ఈ పోర్షన్ బోర్డు మీదే ఉంది. మోటారు తిరిగి, దాంతోపాటే లైటు మిణుకుమంటే, ఎంసీబీల కంటే ముందే వైరు కలిపి ఉండొచ్చు, లేదా మోటారు న్యూట్రల్ ఇక్కడ కలిసి ఉండొచ్చు. మోటారు ఆపినా లైటు మిణుకుమంటూనే ఉంటే పక్క పోర్షన్ల మెయిన్‌లు ఒక్కొక్కటే ఆపుతూ చూడండి. ఏది ఆపితే ఇక్కడ ఆగిందో ఆ పోర్షన్‌తో న్యూట్రల్ కలిసింది. చాలా మీటర్ల మీద ఈఎల్ అనే చిన్న లైటు ఉంటుంది, అది వెలుగుతుంటే అనుమానం ఇంకా బలం. తర్వాత పని ఎలక్ట్రీషియన్‌ది: ఏ పోర్షన్ న్యూట్రల్ ఆ పోర్షన్ బోర్డుకే విడిగా రావాలి. మీటరు సీలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి, అది డిస్కమ్‌ది, అంటే కరెంటు సరఫరా చేసే సంస్థది.

మీటరే చెడిపోవడం, ఎవరో కరెంటు దొంగిలించడం కూడా ఉంటాయి. నేను చూసినవాటిలో అరుదు. పై పరీక్షలో ఏమీ తేలకపోతేనే మీటరు టెస్టింగ్‌కు రాసివ్వండి.

తప్పు దొరికితే అప్పుడున్న కుటుంబానికి ఎక్కువ కట్టిన డబ్బు తిరిగివ్వండి. నేను ఆ మూడో ఆవిడకు కూడా ఫోన్ చేసి ఇచ్చాను. ఆ తర్వాత ఆ పోర్షన్‌కు అద్దెకొచ్చినవాళ్లను పంపింది ఆవిడే.

కొత్తగా పాత ఇల్లు కొనబోతున్నవాళ్లు ఈసీ (ఇంటి మీద అప్పులు, పాత రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు ఎలాగూ చూస్తారు. అడ్వాన్స్ ఇచ్చేముందు ప్రతి పోర్షన్ కరెంటు బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ నంబరు) రాసుకుని పాత బిల్లులు కూడా పక్కపక్కన పెట్టి చూడండి. మోటారుకు విడి మీటరు లేకపోతే, అది ఎవరి మీటరు మీద నడుస్తోందో అమ్మేవాళ్ల ముందే మోటారు వేయించి తేల్చుకోండి.