చిన్న తిరుపతికి నడిచి వెళ్తున్నారా? సంచి ఇలా సర్దుకోండి

వైశాఖం దగ్గరపడిందంటే చాలు, చిన్న తిరుపతి నడకకి ఏమేం పట్టుకెళ్లాలి అని మా ఊళ్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చిన్న తిరుపతి అని మనం పిలుచుకునే ద్వారకా తిరుమలలో వెంకన్న స్వామివారికి ఏటా రెండు కళ్యాణోత్సవాలు, ఒకటి వైశాఖంలో, ఒకటి ఆశ్వయుజంలో. ఆశ్వయుజంలో నడిచేవాళ్లకి వాన భయం, వైశాఖంలో నడిచేవాళ్లకి ఎండ భయం. మేము వెళ్లేది వైశాఖంలోనే. కోనసీమలోని కొత్తపేటలో బయల్దేరి రావులపాలెం, సిద్ధాంతం వంతెన, తణుకు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా, రోజుకి 20, 25 కిలోమీటర్లు నడుచుకుంటూ, మూడు రాత్రులు దారిలో పడుకుని నాలుగో రోజు కొండ చేరతాం. అన్నవరం నడిచేవాళ్లకైనా, భద్రాచలం నడిచేవాళ్లకైనా నేను చెప్పేవి చాలావరకు పనికొస్తాయి.

ఎండ సంగతి అందరికీ తెలుసు కాబట్టి టోపీ, గొడుగు ఎలాగూ సర్దుకుంటారు. ఉక్క సంగతే ఎవరికీ గుర్తుండదు. మనది సముద్రం పక్కన ఉన్న పల్లపు నేల, చుట్టూ చెరువులు, కాలవలు, కొబ్బరి తోటలు, గాలి నిండా తేమ. పట్టిన చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. చొక్కా వీపుకి అంటుకుపోతుంది, మేజోళ్లు నానిపోతాయి, తొడలు ఒరుసుకుపోతాయి, రెండో రోజుకల్లా మనిషి నడవలేడు. నేను చూసినంతలో సగం దారిలో బస్సెక్కేసినవాళ్లు ఎక్కువమంది కాళ్లు, చర్మం పాడై ఎక్కినవాళ్లే. అందుకని ఏ వస్తువు సంచిలో పెట్టినా ముందు చూడాల్సింది, తడిస్తే ఇది ఎంతసేపట్లో ఆరుతుంది అని. టర్కీ తువ్వాలు, జీన్స్ ప్యాంటు, దళసరి దుప్పటి ఇంట్లోనే వదిలేయండి.

ముందు సంచి. చంకకి తగిలించుకునే ఒంటి పట్టీ సంచి వద్దు, పది కిలోమీటర్లు దాటేసరికి ఒక భుజం, దాంతోపాటు నడుం పట్టేస్తాయి. పిల్లల స్కూలు బ్యాగులాంటిది, రెండు వెడల్పాటి పట్టీలున్నది చాలు, కొత్తది కొనక్కర్లేదు. నీళ్లతో సహా మీ బరువులో పదో వంతు దాటకూడదు, అంటే 60 కిలోల మనిషికి 6 కిలోలు. రెండు లీటర్ల నీళ్లే 2 కిలోలు కాబట్టి మిగతావన్నీ కలిపి 4 కిలోల్లో అయిపోవాలి. అంచనా మీద వదిలేయకండి, బయల్దేరే ముందురోజు కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టి చూడండి. ఎక్కువొస్తే తీసేయాల్సింది బట్టలే, నీళ్లు మాత్రం తగ్గించొద్దు.

బట్టలు మూడు జతలు: ఒంటి మీద ఒకటి, సాయంత్రానికి ఒకటి, దర్శనానికి ఒకటి. దర్శనం జత పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసి అడుగున పెట్టేయండి, చివరి రోజు దాకా దాని జోలికి వెళ్లొద్దు. మగవాళ్లకి పల్చటి నేత పంచెను మించింది లేదు. రాత్రి పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, తుడుచుకోవచ్చు, తడిపి నెత్తిన వేసుకోవచ్చు, గాలి కొంచెం ఆడితే గంటలో ఆరిపోతుంది. ఆడవాళ్లు చీరలో నడవాలనుకుంటే పల్చటి కాటన్ చీర, అదీ కాస్త ఎత్తుగా కట్టుకుంటే మంచిది, చీర అంచు తడిసి పాదాలకి చుట్టుకుంటే వంతెనల మీద పడిపోయే ప్రమాదం ఉంది. వదులు చుడీదార్ అయితే ఇంకా సుఖం. మగైనా ఆడైనా లోపల మోకాళ్ల దాకా వచ్చే బిగుతు లాగు ఒకటి వేసుకుని, బయల్దేరే ముందే తొడల మధ్య, చంకల్లో వాజ్‌లైన్ గానీ కొబ్బరి నూనె గానీ రాసుకోండి. మంట మొదలయ్యాక రాస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. చెప్పుకోడానికి మొహమాటపడి చాలామంది ఈ బాధ లోపలే పడతారు, అందుకే విడమరిచి చెప్తున్నాను. నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా ఆడవాళ్లు ప్యాడ్లు, వాడినవి చుట్టడానికి పాత పేపరు, ఒక నల్ల కవరు దగ్గర ఉంచుకోండి, ఎండలో అంత నడక నడిస్తే తేదీలు మారొచ్చు.

ఇప్పుడు కాళ్లు. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. కొత్త చెప్పులతో, కొత్త బూట్లతో బయల్దేరకండి. కనీసం నెల రోజులు వాడి, మీ కాలికి అలవాటైనవి వేసుకోండి. వెనక పట్టీ ఉన్న శాండిల్స్ మన ఉక్కకి బాగుంటాయి, గాలి తగులుతుంది. బూట్లు వేసుకునేవాళ్లు మూడు జతల మేజోళ్లు పెట్టుకుని, తడిసిన జత సంచి వెనక పిన్నీసుతో తగిలించి నడుస్తూ ఆరబెట్టుకోండి. గోళ్లు నాలుగు రోజుల ముందే తీసేయండి.

ఓ ఏడాది సిద్ధాంతం వంతెన దిగాక మా పిన్నిగారు రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. మేజోడు తీసి చూస్తే పాదం చెమటకి నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉంది, మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. పంచె కొంగుతో వేళ్ల సందుల్లో సహా తడి లేకుండా ఒత్తి, పావుగంట గాలికి వదిలి, పౌడరు జల్లి, బొబ్బ చుట్టూ దూది వత్తి రింగులా పెట్టి పైన మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపు వేశాం. ఆవిడ కొండ దాకా నడిచారు. అప్పట్నుంచి మా గుంపులో ప్రతి మనిషి సంచిలో పేపర్ టేపు, కాస్త దూది, చిన్న పౌడరు డబ్బా తప్పకుండా ఉంటాయి. బొబ్బ వచ్చాక వేసేకంటే, చెప్పు ఎక్కడ రాసుకుంటోందో అక్కడ ఎర్రబడగానే టేపు వేసేయడం మేలు. బొబ్బ మీద తోలు మాత్రం ఊడదీయకండి, చీము పట్టేది అప్పుడే. ప్రతి మజిలీలోనూ, ఎంత నీరసంగా ఉన్నా, ముందు చెప్పులు విప్పి కాళ్లు ఆరబెట్టుకున్నాకే మిగతా పని.

మొక్కుకుని ఉత్త కాళ్లతో నడిచేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ల భక్తికి దణ్ణం పెడతాను. కానీ తారు రోడ్డు తొమ్మిదింటికే కాలిపోతుంది. ఉత్త కాళ్లవాళ్లు తెల్లవారుజామున 3 గంటలకి మొదలుపెట్టి 8 లోపు ఆపేయాలి, మళ్లీ చీకటిపడ్డాకే. దళసరి మేజోళ్లు ఒక జత దగ్గర పెట్టుకోండి, మరీ అవసరమైతే వేసుకోవచ్చు. షుగరు ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఉత్త కాళ్లతో నడవకండి. స్పర్శ తగ్గిన కాలికి కాలినా, గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. ఇంకో మాట, దాళ్వా ధాన్యం, అంటే రెండో పంట వడ్లు, ఆ రోజుల్లో చాలాచోట్ల రోడ్డు అంచునే ఆరబోసి ఉంటుంది, తొక్కకుండా పక్కనుంచి వెళ్లండి, కానీ పక్కకి జరిగేముందు వెనక లారీ వస్తోందేమో చూసుకోండి.

ఈ దాళ్వా మాట వచ్చింది కాబట్టి స్నానాల సంగతి. కాలవ గట్టు ఊళ్లేగా, ఎక్కడో ఒకచోట మునిగేద్దాం అనుకుంటారు కొత్తవాళ్లు. కోతలయ్యాక వేసవిలో మరమ్మతుల కోసం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలకి నీళ్లు కట్టేస్తారు, మనం నడిచే రోజుల్లో చాలా కాలవల్లో అడుగున బురద, గుర్రపుడెక్కే మిగులుతాయి. స్నానం ఏ గుళ్లోనో, స్కూల్లోనో, పెట్రోలు బంకు వెనకో, కుళాయి దగ్గరే. అందుకని తేలికపాటి ప్లాస్టిక్ మగ్గు ఒకటి, సగం అరిగిన సబ్బు ఒకటి, బట్టలు ఆరేసుకోడానికి మూడు గజాల నైలాన్ తాడు, నాలుగు పిన్నీసులు పెట్టుకోండి. ఉతికిన బట్ట రాత్రికి ఆరకపోతే పంచెలో చుట్టి గట్టిగా పిండండి, సగం తడి పంచె లాగేస్తుంది.

నీళ్లకి లీటరు సీసాలు రెండు. దారిలో చలివేంద్రాలు పెట్టిన పుణ్యాత్ములు చాలామంది ఉంటారు, మజ్జిగ కూడా పోస్తారు, కాబట్టి అంతకంటే మోయక్కర్లేదు. కానీ ఉత్త నీళ్లే తాగుతూ పోకండి, చెమటతో ఉప్పు కూడా పోతుంది. రోజుకి రెండు చొప్పున ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు పెట్టుకోండి, ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే మంచికి బదులు చెడు చేస్తుంది. ప్యాకెట్లు అయిపోతే లీటరు మంచినీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, కుప్పగా కాకుండా చెంచా అంచుకి సమానంగా కొలిచి కలుపుకోండి. కొబ్బరి బొండం దొరికిన చోటల్లా తాగండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత ఉప్పు, ఎన్ని నీళ్లు అనేది ముందే డాక్టర్ని అడగండి.

తినడానికి ఎక్కువ మోయకండి. అటుకులు, వేయించిన సెనగలు, బెల్లం ముక్క, ఆత్రేయపురం మామిడి తాండ్ర ఒక చుట్ట, అంతే. తాండ్ర నడకకి పుట్టిన తిండి, చెడదు, నలగదు, చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే కిలోమీటరు వెళ్లొచ్చు. పూతరేకులు ప్రాణమైనా పట్టుకెళ్లకండి, రెండు గంటల్లో పొడి. రావులపాలెం దాటేటప్పుడు అరటిపళ్లు కొనుక్కోండి, దారిలో ముంజెలు దొరుకుతాయి. ఇంటినుంచి తెచ్చిన పెరుగన్నం ఆ ఉక్కలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

చాలా గుంపులకి సామాన్ల ఆటోనో వ్యానో వెంట ఉంటుంది. ఉండటం మంచిదే, దుప్పట్లు, చాపలు, దోమతెరలు అందులో వేసుకోవచ్చు. కానీ గంటలోపు అవసరం పడేది ఏదీ అందులో వేయొద్దు. ఒకసారి మా వ్యాన్ టైరు పేలి తణుకు ఇవతల ఆగిపోయింది, మేము అవతలకి వెళ్లిపోయాం, మా పెదనాన్నగారి బీపీ మాత్రలు వ్యాన్‌లో ఉన్నాయి. చీకటి, ఫోన్లు కలవడంలేదు, ఆ రెండు గంటల టెన్షన్ ఎవరికీ వద్దు. మాత్రలు, వాటి చీటీ ఫోటో, ఆధార్ జిరాక్స్, ఇంటివాళ్ల నంబర్లు పెన్నుతో రాసిన కాగితం, చిల్లర నోట్లు, ఇవన్నీ జిప్ కవర్లో పెట్టి మీ ఒంటి మీదే ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు చిన్న ఫ్లాస్కులో చల్లగా పెట్టుకోవాలి, ఐసు నేరుగా తగలనివ్వకూడదు.

చీకట్లో హైవే మీద నడుస్తాం కాబట్టి సంచి వెనక మెరిసే స్టిక్కరు తప్పనిసరి, సైకిల్ షాపులో దొరుకుతుంది. టార్చి వెలుతురు కిందకి కొడుతూ, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడిపక్కన, ఒకరి వెనక ఒకరు నడవండి. పాటలు పాడుకుంటూ పక్కపక్కన నడవాలనిపిస్తుంది, ఊళ్లోకి వచ్చాక పాడుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. గొడుగు నల్లదైనా సరే పెట్టుకోండి, నెత్తిన నీడ ఉండటం ముఖ్యం, వంతెన మీద మాత్రం మూసేయండి, గోదారి గాలి మనిషిని లాగేస్తుంది.

గుంపులో ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, అడిగినదానికి సంబంధం లేకుండా చెప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయండి. తెలివి సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

భీమడోలు దగ్గర మలుపు తిరిగాక పల్లం అయిపోయి మెట్ట మొదలవుతుంది, ఎర్ర నేల, గాలి పొడిబారుతుంది. చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది, అందుకే చాలామంది అక్కడ నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఆ ముక్కకి రెండు సీసాలూ నింపుకునే బయల్దేరండి, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ దానికోసమే దాచుకోండి. తలనీలాలు ఇచ్చే మొక్కున్నవాళ్లు టోపీ పారేసుకోకుండా చూసుకోండి, గుండు మీద ఆ ఎండ చురుక్కుమంటుంది. కొండ మీద స్నానం చేశాక అడుగున దాచిన కవరు విప్పితే, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పొడి బట్టలు, ఇంటి సబ్బు వాసనతో ఉంటాయి. అవి కట్టుకుని క్యూలోకి వెళ్లండి.