ఆర్డర్లు తగ్గిన కాలంలో ఉద్యోగుల ఉత్సాహం నిలబెట్టడం ఎలా?

వ్యాపారం తగ్గిన సంగతి యజమాని నోరు విప్పకముందే ఉద్యోగులకు తెలిసిపోతుంది. లోడింగుకు వచ్చే బండ్లు తగ్గుతాయి, ఓవర్‌టైం ఆగిపోతుంది, అకౌంట్స్ గదిలో తలుపేసుకుని మాట్లాడుకోవడం పెరుగుతుంది. అప్పుడు మనిషిని అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసేది రేపు తనకేమవుతుందో తెలియకపోవడమే. కాబట్టి ధైర్యం చెప్పే ముందు లెక్కలు, తేదీలు చేతిలో ఉండాలి. పది నుంచి యాభై మంది దాకా పనిచేసే ఫ్యాక్టరీ, ప్రెస్, ఆఫీసు దేనికైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

1. ముందు మీ లెక్క తేల్చుకోండి

ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: బ్యాంకులో ఉన్న డబ్బు, రావలసిన బకాయిలు (ఏ తేదీకి ఎంత), నెల జీతాలు, తప్పని ఖర్చులు (అద్దె, కరెంటు, పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ, బ్యాంకు వాయిదాలు). నోటిమాటగా వస్తాయన్న బకాయిలను లెక్కలో వేయకండి. మిగిలిన దానితో ఎన్ని వారాలు నడపగలరో తేలుతుంది.

దాని కిందే మూడు వరసలు రాయండి: కచ్చితంగా తెలిసినవి, ఇంకా తేలనివి, అవి తేలే తేదీ. మూడో వరసే అన్నిటికన్నా విలువైనది. "ఏమో చూడాలి" అనడానికీ, "20వ తేదీకి ఆ టెండరు సంగతి తేలుతుంది, 21న చెబుతాను" అనడానికీ వినేవాడి నిద్రలో తేడా ఉంటుంది.

2. అందరికీ ఒకే రోజు చెప్పండి

సూపర్‌వైజర్లకు, టీం లీడ్లకు గంట ముందు చెప్పండి. తమ కింద పనిచేసేవాళ్ల నోట మొదట వింటే వాళ్ల మాటకు ఆ తర్వాత విలువుండదు. ఆపైన అందరినీ కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడండి. సగం సమయం ప్రశ్నలకే వదలండి. వారంలో మొదటి రెండు రోజులు మంచివి, ఎందుకంటే సందేహం వచ్చినవాళ్లు మర్నాడు వచ్చి అడగగలరు. శనివారం సాయంత్రం చెబితే ఆదివారమంతా భయం పెరుగుతుంది. ఇలాంటి కబురు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

మాటలు ఇలా ఉండొచ్చు: "మూడు పెద్ద ఆర్డర్లలో ఒకటి ఆగిపోయింది. ఈ నెల, వచ్చే నెల జీతాలకు డబ్బుంది. ఆ తర్వాతి సంగతి ఇంకా తెలియదు. ప్రతి మంగళవారం పదకొండింటికి కలుద్దాం, తెలిసింది తెలిసినట్టు చెబుతాను."

"ఎవరినీ తీసేయం" అన్న మాట పూర్తి నమ్మకం ఉంటే తప్ప ఇవ్వకండి. ఆ మాట ఒక్కసారి తప్పితే తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

3. కొత్త కబురు లేకపోయినా వారం వారం కలవండి

అదే రోజు, అదే సమయం, పది నిమిషాలు. చెప్పడానికి ఏమీ లేకపోతే "గత వారం చెప్పినదే ఇంకా నిజం" అనండి చాలు. ఒక వారం మీటింగ్ ఎగ్గొడితే ఆ ఖాళీలో పుకారు పుడుతుంది. అందరి ముందు అడగడానికి మొహమాటపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల ప్రశ్నలను పేరు లేకుండా చీటీల మీద రాసి పెట్టెలో వేయమనండి.

4. జీతం తేదీని కాపాడండి

జీతం సమయానికి పడినంత మాత్రాన ఎవరికీ కొత్త ఉత్సాహం రాకపోవచ్చు. పడకపోతే మాత్రం మిగతా ప్రయత్నాలన్నీ వృథా. ఇంటద్దె, చిట్టీ వాయిదా, బండి ఈఎంఐ అన్నీ నెల మొదటి పది రోజుల్లోనే మీద పడతాయి. జూన్ అయితే పిల్లల ఫీజులు తోడవుతాయి.

వేతనాల కోడ్ (జీతాల చెల్లింపుపై కేంద్ర చట్టం) ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. కుదరదని తెలిస్తే 7వ తేదీ వరకూ దాచకుండా, ముందు నెల 25కల్లా చెప్పేయండి. ఆలస్యానికి చట్టపరమైన బాధ్యత తప్పదు, కానీ చేబదులో, చిట్టీ వాయిదా గడువో అడిగి సర్దుకోవడానికి వాళ్లకు పది రోజులు దొరుకుతాయి. ముందుగా వ్యాపారం నుంచి మీ సొంతానికి డబ్బు తీసుకోవడం ఆపండి. ఉన్న సొమ్ములో తక్కువ జీతాలవారికి పూర్తిగా ఇచ్చి, మేనేజర్ల జీతంలో కొంత వాళ్ల ఒప్పుదలతో వెనక్కి జరపండి. మిగిలింది ఎంత, ఎప్పుడిస్తారు అన్నది సంతకంతో రాసివ్వండి.

జీతంలో కోసిన పీఎఫ్ సొమ్మును ఇంకో ఖర్చుకు వాడటం నేరం. మరుసటి నెల 15లోగా కట్టాలి. ఉద్యోగులు పాస్‌బుక్ ఫోన్లోనే చూసుకుంటున్నారు. ఒక నెల ఖాళీ కనిపిస్తే ఆ రోజు నుంచే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెడతారు. ఈఎస్ఐ కూడా అంతే, ఇంట్లో జబ్బు చేసిన రోజున దాని అవసరం తెలుస్తుంది.

5. చేతులు ఖాళీగా ఉంచకండి

పని తగ్గిన చోట దిగులు పెరుగుతుంది. రెండు వారాల్లో పూర్తయ్యే చిన్న పనులు ఎంచి, ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు, తేదీ బోర్డు మీద రాయండి. వాయిదా పడుతూ వచ్చిన యంత్రాల సర్వీసింగ్, స్టాకు లెక్క, పాత కస్టమర్లకు ఫోన్లు, ఒకరి పని ఇంకొకరికి నేర్పడం లాంటివి ఉత్తుత్తి పనులు కావు, సంస్థకు నిజంగా అక్కరకొస్తాయి. పూర్తయినదాన్ని బోర్డు మీద కొట్టేయండి. రోజూ కొంచెం ముందుకు జరిగామన్న భావన పెద్ద ఉపన్యాసం కన్నా బలమైనది.

బకాయిల వసూలుకు ఇద్దరిని పెట్టండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని చట్టం. కదలకపోతే చిన్న సంస్థల బకాయిల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వచ్చిన ప్రతి బకాయినీ మంగళవారం మీటింగులో చెప్పండి.

మెచ్చుకునేటప్పుడు "అందరూ బాగా చేస్తున్నారు" అంటే ఎవరికీ తగలదు. "నిన్న కటింగులో నువ్వు షీటును అమర్చిన తీరు వల్ల వేస్టేజి తగ్గింది" అంటే అది ఆ మనిషికి ఇంటిదాకా తోడుంటుంది.

6. ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు

నెలకోసారి విడిగా కూర్చోండి. "ఇప్పుడు నీకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్నదేమిటి? అందులో మేం మార్చగలిగింది ఏదైనా ఉందా?" ఈ రెండూ అడిగి, వినండి. డబ్బు ఇవ్వలేకపోయినా షిఫ్టు మార్చగలరు, ఒక పూట సెలవివ్వగలరు. ఎప్పుడూ మాట్లాడే మనిషి మౌనమైపోయినా, నిద్ర పట్టడం లేదన్నా తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద ఉంచండి.

7. ఎవరినైనా తీయక తప్పకపోతే

నెలకిద్దరు చొప్పున తీస్తే ఉన్నవాళ్లందరూ "తర్వాత నేనేనా" అని రోజులు లెక్కపెడతారు. ఎంతమందో ఒకేసారి తేల్చి, నోటీసు నిబంధనలు పాటించి, ఎవరికి వారికి ఏకాంతంగా చెప్పండి. తీసేసినవారికి రావలసిన జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. అనుభవ పత్రం అడగకముందే చేతికివ్వండి. వెళ్లేవాళ్లను ఎలా పంపారో మిగిలినవాళ్లు చూస్తూనే ఉంటారు.

అదే రోజు మిగిలినవారితో కూర్చుని, వెళ్లినవారి పనుల్లో ఏవి ఆపేస్తున్నారో చెప్పండి. ఆ పనంతా ఉన్నవాళ్ల నెత్తిన పెడితే మంచి పనివాళ్లే ముందు వెళ్లిపోతారు.

8. పరిస్థితి తేరుకున్నాక

మొదట వచ్చిన డబ్బుతో రాసిచ్చిన జీతం బకాయిలు తీర్చండి, చిన్న జీతాల నుంచి మొదలుపెట్టి. వార్షిక బోనస్‌ను మాత్రం దీనితో కలపకండి. వేతనాల కోడ్‌లోని బోనస్ నిబంధనలు వర్తించే సంస్థల్లో, కొత్త సంస్థలకున్న మినహాయింపు పక్కన పెడితే, నష్టం వచ్చిన ఏడాదిలోనూ అర్హులకు కనీసం 8.33 శాతం ఇవ్వాల్సిందే. మంగళవారం మీటింగును అప్పుడే ఆపకండి. కనీసం మూడు నెలల జీతాలు వరసగా తేదీకి పడేదాకా కొనసాగించండి.