టేబుల్ సాతో చెక్కను నిలువుగా కోయడానికి సరైన బ్లేడు ఎంచుకోవడం ఎలా?

టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే రంపం మెషీన్, కొన్న కొత్తలో నేను చేసిన పని ఇది. ఉన్న బ్లేడుల్లో ఎక్కువ పళ్ళున్నది, 80 పళ్ళది, ఏరికోరి బిగించి రెండంగుళాల మందమున్న చెక్కను నిలువునా కోయబోయాను. పళ్ళు ఎంత ఎక్కువుంటే కోత అంత నున్నగా వస్తుందని నా లెక్క. అర అడుగు వెళ్ళేసరికి కాలిన వాసన. భయపడి ఇంకా నెమ్మదిగా తోశాను. దాంతో పొగ కూడా మొదలైంది. చివరికి చేతికొచ్చిన చెక్క అంచు బొగ్గు రాసినట్టు నల్లగా ఉంది. మోటారులో లోపం లేదు, చెక్కలో లోపం లేదు. నిలువు కోతకు పళ్ళు తక్కువున్న బ్లేడు కావాలన్న సంగతి నాకు తెలియదు, అంతే.

1. ముందు కోత ఏదో తేల్చుకోండి

చెక్క అంటే పొడుగ్గా పేర్చిన నారల కట్ట. ఆ నారల వెంబడి కోస్తే నిలువు కోత, వాటిని అడ్డంగా తెంపితే అడ్డ కోత. నిలువు కోతలో ఒక్కో పన్ను చిన్న ఉలిలా పనిచేస్తుంది, నారల్ని లేపి చీల్చి బయటికి తోస్తుంది. అడ్డ కోతలో పన్ను కత్తిలా నారను తెగ్గొట్టాలి. చేతి రంపాల్లోనూ ఈ తేడా ఉంది. నిలువు కోత రంపానికి పళ్ళను తిన్నగా, ఉలి మొనలా ఆకురాయితో రాస్తారు. అడ్డ కోత రంపానికి ఏటవాలుగా, కత్తి మొనలా రాస్తారు. మెషీన్ బ్లేడుకూ ఇదే సూత్రం.

ప్లైవుడ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. అందులో ఒక్కో పొర నార ఒక్కో దిక్కుకు ఉంటుంది కాబట్టి ఎటు కోసినా కొన్ని పొరలకు అది అడ్డ కోతే. ఈ వ్యాసం అసలు కలప గురించి.

2. పళ్ళ సంఖ్య చూడండి

10 అంగుళాల బ్లేడైతే నిలువు కోతకు 24 నుంచి 30 పళ్ళు. ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. మెషీన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతోందనుకోండి. 24 పళ్ళ బ్లేడు నిమిషానికి 96,000 సార్లు చెక్కను కొరుకుతుంది. మీరు నిమిషానికి 4 మీటర్ల చొప్పున తోస్తే ఒక్కో కొరుకుకు ముందుకు జరిగేది సుమారు 0.04 మిల్లీమీటర్లు. అదే వేగంతో 80 పళ్ళ బ్లేడు 3,20,000 సార్లు కొరుకుతుంది, ఒక్కో పంటికి దక్కేది 0.0125 మిల్లీమీటర్లే. అంత పల్చటి పొరను పన్ను కోయడం కంటే రాయడమే ఎక్కువ. రాపిడి అంటే వేడి. నేను నెమ్మదిగా తోసి ఆ పొరను ఇంకా పల్చన చేశాను, అందుకే వాసన కాస్తా పొగైంది.

రెండో కారణం పళ్ళ మధ్య ఉండే గుంటలు. కోసిన పొట్టు చెక్కలోంచి బయటపడేదాకా అది కూర్చునే చోటు ఆ గుంటే. 24 పళ్ళ బ్లేడులో పంటికీ పంటికీ మధ్య 33 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది, గుంట లోతుగా, వెడల్పుగా ఉంటుంది. 80 పళ్ళ బ్లేడులో ఆ దూరం 10 మిల్లీమీటర్లే. 50 మిల్లీమీటర్ల చెక్క కోసేటప్పుడు మొదటి బ్లేడు పళ్ళు ఒకేసారి రెండో మూడో చెక్కలో ఉంటే, రెండోదానివి సుమారు ఎనిమిది ఉంటాయి. ఇరుకు గుంట మధ్యలోనే నిండిపోయి, పొట్టు పోయే దారిలేక అక్కడే నలిగి వేడెక్కుతుంది.

చెక్క 20 మిల్లీమీటర్ల లోపుంటే 40 పళ్ళ బ్లేడుతోనూ నెట్టుకురావచ్చు. మందం పెరిగేకొద్దీ పళ్ళు తగ్గించుకోవాలి.

3. పంటి ఆకారం, వాలు

నిలువు కోత బ్లేడు పళ్ళ కొసలు చదునుగా ఉంటాయి. అడ్డ కోత బ్లేడులో ఒక పన్ను ఎడమకు, తర్వాతి పన్ను కుడికి ఏటవాలుగా ఉంటాయి. రెండు కోతలకూ పనికొచ్చే కాంబినేషన్ బ్లేడులో సాధారణంగా 50 పళ్ళు, ఐదేసి గుంపులుగా. నాలుగు ఏటవాలువి, ఒకటి చదునుది, గుంపుకూ గుంపుకూ మధ్య పెద్ద గుంట. చదును పళ్ళతో ఒక అదనపు లాభం ఉంది: గాడి కోస్తే అడుగు సమంగా వస్తుంది.

పన్ను ముందుకు వాలిన కోణాన్ని హుక్ యాంగిల్ అంటారు. నిలువు కోతకు ఇది దాదాపు 20 డిగ్రీలుంటే బాగుంటుంది. వాలు ఎక్కువైతే బ్లేడు చెక్కను తనవైపు లాక్కుంటుంది, తోయడం తేలిక. ఈ లాగుడు వల్లే అలాంటి బ్లేడును స్లైడింగ్ మైటర్ సాకు, అంటే బ్లేడునే జరిపి కోసే రంపానికి, బిగించకూడదు. అక్కడ చెక్క కదలదు, బ్లేడే మీ మీదికి ఎక్కి వస్తుంది.

4. కోత మందం, రైవింగ్ నైఫ్

నా ఉద్దేశంలో ఎక్కువమంది చూడకుండా వదిలేసేది ఇదే. బ్లేడు తెంపే గాటు వెడల్పును కెర్ఫ్ అంటారు. మామూలు బ్లేడుకు 3.2 మిల్లీమీటర్లు, పల్చటి బ్లేడుకు 2.4 దరిదాపుల్లో. పల్చటిది పావు వంతు తక్కువ చెక్కను పొట్టు చేస్తుంది, మోటారు మీద భారం అంత తగ్గుతుంది. ఇంట్లో వాడే ఒకటిన్నర, రెండు హార్స్‌పవర్ మెషీన్‌కు పల్చటిదే నయం. 3 హార్స్‌పవర్, ఆపైన ఉంటే మందంది తీసుకోండి. అది తక్కువగా వణుకుతుంది, వేడికి తొందరగా వంగదు.

ఇప్పుడు బ్లేడు వెనక నిలబడే ఉక్కు రేకు, రైవింగ్ నైఫ్, దగ్గరికి రండి. కోసిన చెక్క మళ్ళీ దగ్గరికి మూసుకుపోయి బ్లేడును నొక్కకుండా ఆపేది అదే. ఆరిన కలపలోనూ లోపల బిగువు దాగి ఉంటుంది. సగం కోసేసరికి రెండు ముక్కలూ కత్తెరలా ఒకదానివైపు ఒకటి వంగడం కళ్ళారా చూడొచ్చు. నైఫ్ లేకపోతే వెనక పళ్ళు ఆ చెక్కను పట్టి మీ మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు.

నైఫ్ మందం బ్లేడు ఉక్కు పలక కంటే ఎక్కువ, కెర్ఫ్ కంటే తక్కువ ఉండాలి. ఉదాహరణకు పలక 1.8, కెర్ఫ్ 2.4 అయితే 2.2 మిల్లీమీటర్ల నైఫ్ సరిపోతుంది. మీ నైఫ్ 2.5 అనుకోండి, ఆ బ్లేడుతో చెక్క సగంలో నైఫ్‌కు తగిలి ఆగిపోతుంది. అప్పుడు చాలామంది నైఫ్ పీకేసి పని కానిస్తారు. బ్లేడును మార్చండి గానీ నైఫ్ తీయకండి. మందం చాలా నైఫ్‌ల మీదే ముద్రించి ఉంటుంది, అది రాసుకుని బ్లేడు కొనడానికి వెళ్ళండి.

5. మిగతా కొలతలు

మధ్య రంధ్రం మీ మెషీన్ ఇరుసుకు సరిగ్గా సరిపోవాలి. కొన్నింటికి 5/8 అంగుళం, కొన్నింటికి 25.4, మరికొన్నింటికి 30 మిల్లీమీటర్లు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మెషీన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువుండాలి. పళ్ళ కొసన అతికించే గట్టి కార్బైడ్ మొనలు మందంగా ఉంటే ఎక్కువసార్లు పదును పెట్టించుకోవచ్చు. మొన ఉక్కుకు అతికిన చోట సందులు కనిపిస్తే ఆ బ్లేడు వదిలేయండి.

ఒక్క బ్లేడుతో అన్నీ చేయాలంటే 40 పళ్ళదో కాంబినేషన్‌దో తీసుకోక తప్పదు. రెండు కొనగలిగితే మాత్రం నిలువు కోతకు 24, అడ్డ కోతకు 60 పళ్ళవి తీసుకోండి. మారుస్తూ ఉండటం విసుగే, అయినా నేను అలాగే చేస్తాను.

6. బిగించి చూడండి

ముందు ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు. పైభాగంలో పళ్ళు మీవైపు చూస్తుండాలి. నట్ సాధారణంగా బ్లేడు తిరిగే దిశలో తిప్పితే వదులవుతుంది, ఎదురు దిశలో తిప్పితే బిగుస్తుంది.

తర్వాత ఒక పంటికి మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు బల్ల మీద బ్లేడు పక్కన పొడుగ్గా ఉండే మైటర్ గాడికి దాని దూరం కొలవండి. చేత్తో తిప్పి అదే పంటిని వెనక్కి తెచ్చి మళ్ళీ కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. ఆ తర్వాత ఫెన్స్‌ను, అంటే చెక్కను ఆనించి తోసే అడ్డ పట్టీని, ఆ గాడికి సమాంతరంగా సరిచేయండి. ఫెన్స్ వెనక వైపు బ్లేడుకు దగ్గరైతే ఎంత మంచి బ్లేడైనా చెక్కను మాడుస్తుంది, కిక్‌బ్యాక్‌కూ దారి తీస్తుంది.

బ్లేడు ఎత్తు పళ్ళ గుంటలు చెక్క పైకి బయటపడేంత ఉంటే చాలు. చెక్క అడుగు చదునుగా, ఫెన్స్‌కు ఆనే అంచు తిన్నగా ఉండాలి. బ్లేడుకు సూటిగా కాకుండా పక్కకు జరిగి నిలబడండి. చేతికి గ్లవ్స్ వద్దు, చివర్లో చెక్కను తోయడానికి పుష్ స్టిక్ అనే కర్ర వాడండి.

7. పొట్టును చూసి కనిపెట్టండి

మొదటి కోత అయ్యాక పొట్టును గుప్పెట్లోకి తీసుకోండి. పొడుగాటి పీచులు, పల్చటి రింగులు కనిపిస్తే బ్లేడు చీలుస్తోందని అర్థం. పిండిలా మెత్తగా ఉంటే రాస్తోంది: పళ్ళు ఎక్కువో, పదును పోయిందో, మీరు మరీ నెమ్మదిగా తోస్తున్నారో.

మాడిన మచ్చ ఒక్క చోటే ఉంటే అక్కడ మీరు చెయ్యి మార్చుకోవడానికి ఆగారన్నమాట. అంచు పొడుగునా ఉంటే ఫెన్స్‌ను మళ్ళీ చూడండి. మేపుల్, చెర్రీ లాంటి కలప తొందరగా మాడుతుంది, వాటిని ఆగకుండా తోయాలి. 24 పళ్ళ బ్లేడు సన్నటి గీతలు వదులుతుంది. అది లోపం కాదు, కొలతకు ఒక మిల్లీమీటరు ఎక్కువ కోసుకుని చిత్రిక పట్టుకుంటే సరి.

మొన్నటిదాకా బాగా కోసిన బ్లేడు మాడ్చడం మొదలుపెడితే పదును పోయిందని తొందరపడకండి. పళ్ళ పక్కల గోధుమరంగు జిగురు పేరుకుందేమో చూడండి. పైన్ లాంటి జిగురు కలప కోసిన వారానికే అలా అవుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త డిటర్జెంట్ కలిపి పావుగంట నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, వెంటనే పొడిగా తుడవండి. అప్పటికీ మాడ్చితే పదును పెట్టించండి.